బెజవాడ రేవులో వడ్లగింజ అంచు

ముసురు పట్టిన రోజుల్లో మా అపార్టుమెంటు బాల్కనీలో ఆరేసిన నూలు చీరలు ఎంతకీ ఆరక ఒకలాంటి వాసన వేస్తాయి. మా కోడలికి ఆ వాసన బొత్తిగా పడదు. "ఈ ముతక చీరలు మానేసి హాయిగా ఆ జారుడు చీరలు కట్టుకోండి అత్తయ్యా, గంటలో ఆరిపోతాయి" అంటుంది. నేను వినిపించుకోను. పైగా అటుగా వెళ్ళినప్పుడల్లా చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని ఓసారి పీల్చి వస్తాను. ఆ తడి నూలు వాసన తగిలిందంటే చాలు, కార్తీకమాసపు తెల్లవారుజాము, దుర్గమ్మ కొండ కింద కృష్ణ రేవు, మెట్ల నిండా తడి చీరల ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఎవరి చీరో పట్టుకుని నడిచిపోతున్న ఏడేళ్ళ నేను, అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

మాది బందరు కాలవ దిగువన ఒక నేతగాళ్ళ ఊరు. ఊరంతా పొద్దు పొడవకముందే మగ్గాల చప్పుడుతో లేచేది, గంజి పెట్టిన పడుగు దారాలు వీధి పొడవునా కర్రల మీద పరుచుకుని ఉండేవి, మేము పిల్లలం వాటి కింద నుంచి వంగి పరిగెత్తి పెద్దవాళ్ళ చేత తిట్లు తినేవాళ్ళం. అలాంటి ఊరు యుద్ధం రోజుల్లో చప్పబడిపోయింది. ఎక్కడో దేశాలు కొట్టుకుంటూ ఉంటే మా ఊరికి నూలు రావడం ఎందుకు మానెయ్యాలో నాకు అర్థమయ్యేది కాదు. నాన్ననడిగితే "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అన్నాడు గానీ, ఆయనకీ తెలియదని నాకు అప్పుడే అనుమానం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం తప్ప ఇంకోలా కూర్చోవడం రాని మనిషి, పని లేక అరుగు మీద ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక తెగ అవస్థ పడేవాడు.

అమ్మ బాధ వేరు. మగ్గం మీద కూర్చునేది నాన్నే అయినా, నూలు కండెలు చుట్టడం, రంగులు ఎంచడం, అంచు ఎలా ఉండాలో చెప్పడం అమ్మ పని. నూలుకు కరువు రాకముందు అమ్మ సొంతంగా ఒక అంచు కల్పించింది. రెండు ఎర్ర గీతల మధ్య పసుపు రంగు వడ్లగింజలు, ఒకటి ఇటు వాలి, ఒకటి అటు వాలి. ఇంట్లో దాన్ని వడ్లగింజ అంచు అనేవాళ్ళం. ఆ గింజలు లేవడానికి మగ్గం పైన కట్టే దారాలన్నీ అమ్మ చేతి మీదుగానే కట్టింది. నేను మగ్గం కింద కూర్చుని, నేసిన బట్ట చుట్టుకుంటూ ఉంటే ఆ గింజల మీద వేలు పెట్టి నిమిరేదాన్ని, కళ్ళు మూసుకున్నా గుర్తుపట్టగలిగేదాన్ని. కొన్ని చీరలు వెళ్ళాక, మాకు నూలిచ్చి చీరలు తీసుకెళ్ళే షావుకారు కబురు చేశాడు, ఆ అంచు బెజవాడలో ఎవరూ ముట్టుకోవడం లేదనీ, మళ్ళీ నూలొస్తే సాదా అంచే వెయ్యమనీ. నాన్న సరేనన్నాడు. ఇక మగ్గం పైన కట్టిన ఆ దారాలు విప్పెయ్యాల్సిందే. అమ్మ మాత్రం "నూలొచ్చినప్పుడు విప్పుదురుగాని" అని ఆపుతూ వచ్చింది. ఒక్కరంటే ఒక్కరు కూడా కట్టుకోలేదా అన్నది ఆమెకు తేలాలి.

ఆ సంగతి పైకి చెప్పకుండా, కార్తీకంలో మా నాయనమ్మ కృష్ణలో మునగాలని మొదలెట్టగానే అమ్మ ఎన్నడూ లేనిది అత్తగారితో చెయ్యి కలిపింది. "ఊరికే కూర్చుంటే మగ్గం ఏమన్నా కదులుద్దంటరా? దుర్గమ్మనన్నా చూసొద్దాం" అంది నాయనమ్మ. మాలాంటి వాళ్ళు ఊరు చూడ్డానికి వెళ్ళడమంటే మాటలా! బస్సు వద్దు, పడవైతే చవక. హోటలు వద్దు, సత్రం ఉంది. తిండికి జంతికలు, సున్నుండలు, అటుకులు, బెల్లం, అరిటాకులో కట్టిన పులిహోర, ఆవకాయ జాడీ, ఆ జాడీ ఒలికిపోకుండా నాయనమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం.

పడవంత వింత నేను అంతకు ముందు చూడలేదు. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని లాగుతూ నడుస్తుంటే, కొబ్బరిచెట్లూ, వరిచేలూ, బట్టలుతికే ఆడవాళ్ళూ, గేదెలూ నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయేవి. లాకుల దగ్గర పడవని ఒక గదిలాంటి చోటికి తోసి వెనక తలుపులు మూసి ముందు నుంచి నీళ్ళొదిలితే, మేం కూర్చున్న పళాన పడవ పైకి లేచింది. గట్టు కిందికి దిగింది. నీళ్ళు మనల్ని ఎత్తుతాయా, ఎలా ఎత్తుతాయి, దిగేటప్పుడు మెల్లగా దింపుతాయా, పడేస్తాయా? నా ప్రశ్నలకు పడవ సరంగు విసుక్కోలేదు గానీ నాయనమ్మ నా నోట్లో సున్నుండ కుక్కింది.

బెజవాడలో నాకు అన్నీ కావాలి. గోడకున్న మీట నొక్కితే వెలిగే దీపం, తిప్పితే నీళ్ళు కార్చే కొళాయి, సైకిలు మీద పోయే ఆడమనిషి, హోటల్లో తెల్లగా పొగలు కక్కే ఇడ్లీ. ఒక్క ప్లేటు తెప్పించి అందరం తుంచుకు తిన్నాం, చట్నీ మాత్రం అడిగి అడిగి పోయించుకున్నాం. దుకాణాల వీధిలో నేను పైకి చూస్తూ నడిస్తే అమ్మ కిందికి చూస్తూ నడిచింది. ఎదురొచ్చే ప్రతి ఆడమనిషి పాదాల దగ్గర ఆమె చూపు ఆగేది, అంచు చూసేది, వదిలేసేది. "ఏమన్నా పారేసుకున్నావా?" అని నాన్న అడిగితే "లేదు" అంది. సాయంత్రానికి అమ్మ మొహం వాడిపోయింది. ఇంత ఊళ్ళో ఇన్ని చీరలు, అందులో ఒక్కటీ మాది కాదు.

మర్నాడు తెల్లవారుతుండగా రేవుకి వెళ్ళాం. అరటిదొప్పల్లో దీపాలు నీళ్ళ మీద వెళ్ళిపోతున్నాయి. స్నానమయ్యాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తోంది. సరిగ్గా అప్పుడే వంతెన మీద రైలొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన మొదటి రైలు. చెయ్యి ఎప్పుడు విడిపించుకున్నానో తెలియదు, చివరి పెట్టె వెళ్ళిపోయేదాకా నోరు తెరుచుకుని నిలబడ్డాను. తిరిగి చూస్తే చుట్టూ కాళ్ళు, తడి చీరలు, మావాళ్ళెవరూ లేరు. నేను ఏడుపు అందుకునేలోపల నా మొహానికి ఎదురుగా రెండు ఎర్ర గీతలు, మధ్యలో పసుపు వడ్లగింజలు. గబుక్కున పట్టుకున్నాను. అమ్మ ఆ రోజు కట్టుకున్నది మిగులు నూలుతో నేసిన నీలం ముతక చీర. అది నాకు తెలుసు. తెలిసినా నా చేతికి తోచలేదు. ఆ అంచు ఎక్కడుంటే అమ్మ అక్కడ ఉంటుందనే నా లెక్క.

నిశ్చింతగా మెట్లన్నీ ఎక్కి, జట్కాలు నిలిచే చోటికి వచ్చాక ఆ చీర ఆగింది. పైనుంచి ఒక కొత్త మొహం వంగింది. గుండ్రటి మొహం, ఇంత బొట్టు.

"ఎవరి పిల్లవే నువ్వు? నా చీర పట్టుకున్నావేంటి?"

"ఇది మా అమ్మ చీర" అన్నాను.

"మీ అమ్మ చీరేంటే! మా ఆయన కొనిచ్చిన చీర" అందావిడ. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేను వదల్లేదు. "మా అమ్మదే" అని గట్టిగా అన్నాను. ఆవిడ కోప్పడకుండా, నా చేతిలోంచి చీర లాక్కోకుండా, అక్కడే గట్టు మీద కూర్చుని "సరే, రానీ మీ అమ్మని" అంది.

కాసేపటికి అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది, వెనక నాన్న, ఇంకా వెనక దుర్గమ్మకి మొక్కుకుంటూ నాయనమ్మ. అమ్మ నన్ను లాగి ఎత్తుకుని వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే వాటేసుకుని, అప్పుడు చూసింది ఆ చీర. నన్ను దించేసింది. వంగి ఆ కొంగు అందుకుని అంచు తిరగేసి, వెనకవైపు దారాలు ఎలా ఉన్నాయో చూడ్డం మొదలెట్టింది. నేతగాళ్ళు ఏ బట్టనైనా చూసేది వెనకవైపు నుంచే.

"ఇదేం చోద్యం తల్లీ! పిల్లా చీరే పట్టుకుంది, నువ్వూ చీరే పట్టుకున్నావు" అందావిడ నవ్వుతూ.

అమ్మ అంచు వదలకుండానే అడిగింది. "ఉతికితే రంగు దిగిందా అండీ?"

"ఇసుమంత కూడా దిగలా. పోయిన కార్తీకం నుంచీ కృష్ణలో ముంచుతానే ఉన్నా. కాకపోతే ఆ గింజలున్న కాడ బరువు, తడిస్తే కాలికి చుట్టుకుంటది. అయినా నాకిదంటే ఇష్టం. ఇంకోటి తెమ్మని మా ఆయన్ని పంపితే, కొట్టాయన అవిప్పుడు రావట్లేదన్నాడంట."

నాన్న అమ్మకేసి చూశాడు. అమ్మ కొంగు మడత సరిచేసి ఆవిడ భుజాన వేసి, దణ్ణం పెట్టింది. ఆవిడ జట్కా ఎక్కి వెళ్ళిపోయింది.

తిరుగు పడవలో నాన్న ఉండబట్టలేక అడిగాడు. "మేమే నేశామని చెప్పకపోయావా?"

"చెబితే మొహమాటానికి బాగుందనేది. బరువుందని చెప్పేదా?" అంది అమ్మ. ఆ తర్వాత ఊరు వచ్చేదాకా నీళ్ళకేసి చూస్తూ వేళ్ళ మీద ఏవో పోగులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు.

నూలొచ్చాక నాన్న షావుకారుని అడగకుండానే వడ్లగింజ అంచు ఎక్కించాడు. అమ్మ ఒక్కో గింజలో ఒక పోగు తగ్గించింది. షావుకారు గొణిగాడు గానీ తీసుకెళ్ళాడు. మేం నేసినంత కాలం ఆ అంచు నేస్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఆ కాలవలో పడవల్లేవు, మా వీధిలో పడుగులు లేవు. మగ్గం గుంట పూడ్చి మీద సిమెంటు వేశారు. నేసిన ప్రతి చీరా అమ్మకానికే పోయింది కాబట్టి అమ్మ ఒక్కటీ కట్టుకోలేదు, నాకు ఒక్కటీ మిగల్లేదు. ఆ అంచు ఎలా ఉండేదని మనవరాలు అడిగితే కాగితం మీద గీసి చూపించబోయాను, గింజలు వాలలేదు, బియ్యంలా వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. అమ్మ కల్పించిన చీర ఒక మనిషి ఒంటి మీద ఎలా ఉంటుందో నేను చూసింది ఆ ఉదయం ఒక్కసారే. ఆవిడ పేరేమిటో మాలో ఎవరమూ అడగనే లేదు.