కాజిల్‌బార్‌లో ఒక రేడియో గొంతు

డబ్లిన్ శివారు లూకన్‌లో మా మేనకోడలి ఇంటి దగ్గర ఉదయం ఆరింటికి బస్సెక్కి డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ చేరాను. కాజిల్‌బార్ రైలు ఏడున్నర దాటాక కదిలింది. టికెట్టు ముందురోజే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మేలు. ప్రయాణం మూడు గంటల పైమాట. తినడానికి ఇంట్లో చుట్టిచ్చిన చపాతీలు ఉన్నాయి గాని, ఆకలి లేదు.

నేను చూడబోయేది హ్యారీ అనే ఇంగ్లండు రేడియో వ్యాఖ్యాతను. ఓడరేవు ఊళ్లోని చిన్న స్టేషన్‌లో చేపల ధరలు చదవడంతో మొదలై, ఉదయం కార్యక్రమంతో దేశమంతటికీ తెలిసి, తిరిగిన ఊళ్ల మీద పుస్తకాలు రాసిన మనిషి. రిటైరయ్యాక భార్య పుట్టిన మేయో కౌంటీలో, ఈ కాజిల్‌బార్ దగ్గర స్థిరపడ్డారు. ఆమె ఇప్పుడు లేరు. ఆయనకు గొంతులో క్యాన్సర్. మర్నాడు గాల్వేలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. భార్య గురించి రాసిన చివరి పుస్తకాన్ని తన గొంతుతోనే రికార్డు చేస్తున్నారు. చివరి అధ్యాయం మిగిలింది. ఆ మధ్యాహ్నం రెండింటికి రికార్డింగ్. అంతకుముందు ఇంటర్వ్యూకి నాకు కొంచెం టైమిచ్చారు.

పక్క సీటావిడతో ఆయన పేరు చెప్పాను. "ఆయనేనా? మా అమ్మ ఇంగ్లీషువాళ్ల స్టేషన్ పెట్టనిచ్చేది కాదు, ఆయన వచ్చే గంట తప్ప," అని నవ్వింది. ఆపరేషన్ మాట వినగానే, "గ్రాండ్‌గా ఉంటాడులే," అంది. ఐర్లండ్‌లో ధైర్యం చెప్పడానికీ, మాట మార్చడానికీ ఆ గ్రాండ్ అన్న మాట ఒక్కటే. నాకు ధైర్యం రాలేదు.

స్టేషన్ నుంచి టాక్సీలో పది నిమిషాలు. తలుపు తీసింది ఆయన్ని చూసుకునే సువర్ణ, తెనాలి అమ్మాయి. హ్యారీ కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. గొంతు బొంగురుపోయినా మాట స్పష్టంగానే ఉంది.

ప్రశ్న వేసి ఊరుకోవడం పత్రికలవాళ్ల పాత పద్ధతి. ఎదుటి మనిషి ఆ మౌనం భరించలేక అసలు సంగతి చెప్పేస్తాడు. హ్యారీ దగ్గర అది మరీ బాగా పారింది. చేపల మార్కెట్టు, మొదటి మైకు, తోటివాళ్లు ఏడిపించిన సంగతులు, అన్నీ చెబుతున్నారు. నేను రాసుకుంటున్నాను. పావుగంటకు గొంతు గీరుకుపోయింది. సువర్ణ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అంకుల్, అట్టా బెల్లం కొట్టిన రాయల్లే కూర్చోమాకండి. రేడియో మనిషి, గదిలో చప్పుడు ఆగితే ఉండలేరు. మీరు నోరు మూసేకొద్దీ ఆయన తెరుస్తున్నారు. ఇట్టయితే రెండింటికి చదవడానికి గొంతు మిగలదు."

"అయితే వెళ్లిపోనా?"

"మీరు పోతే నాతో మొదలుపెడతారు. నాకు వంటుంది. మీరే ఏదోటి చెప్పండి. విలేకరులన్నారుగా, కబుర్లకేం కరువు?"

కలం జేబులో పెట్టి గదిలోకి వెళ్లాను. వినడమే తప్ప చెప్పడం నాకు అలవాటు లేదు. తుఫాను వార్తకు వెళ్లి లారీ టాప్ మీద తెల్లవార్లూ గడిపిన సంగతి, బతికున్న మునసబుకు సంతాప వార్త వేసి ఆయన చేతి కాఫీయే తాగిన సంగతి చెప్పాను. నేను ఆగినప్పుడల్లా ఆయన రెండు చేతులూ రబ్బరు సాగదీస్తున్నట్టు దూరంగా జరిపారు. ఇంకా సాగించమని స్టూడియోలో చేసే సైగట అది. సువర్ణ పెట్టిన సూప్ ఆయన తాగుతున్నంతసేపూ చెబుతూనే ఉన్నాను.

రెండింటికి రికార్డింగ్ అతను వచ్చి పడగ్గదిలో గొంతు ప్రతిధ్వనించకుండా దుప్పట్లు వేలాడదీశాడు. తలుపు మూసుకుంది. చప్పుడవుతుందని సువర్ణ కెటిల్ కూడా పెట్టలేదు. గోడ అవతల గొంతు సాగేది, తెగేది, దగ్గు వినిపించేది. తర్వాత ఏమీ వినిపించేది కాదు. సువర్ణ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. పొద్దున ఆ పావుగంటలో ఆయన ఎంత గొంతు నాకిచ్చేశారో లెక్క తేలక నేను కూర్చోలేకపోయాను. మూడున్నరకు తలుపు తెరుచుకుంది. "గొంతు చివరి వాక్యం దాకా వచ్చింది," అన్నాడు రికార్డింగ్ అతను. హ్యారీ అలసిపోయి కళ్లు మూసుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుని సెలవు తీసుకున్నాను.

సాయంత్రం రైల్లో జనం తక్కువ. మేనకోడలు ఫోన్ చేసింది. "ఇంటర్వ్యూ దొరికిందా మామయ్యా?" "పావుగంట." "అంత దూరం పోయి పావుగంటేనా?" అంది. ఆ దారి బాగుంటుంది, పచ్చిక, రాతిగోడలు, గొర్రెలు. వెళ్లేవాళ్లు నాలాగా రేపటి గురించి ఆలోచిస్తూ కాకుండా వెళ్తే ఇంకా బాగుంటుంది.

సగం దారిలో అథ్లోన్ స్టేషన్ దగ్గర సువర్ణ మెసేజ్ వచ్చింది. "లేచారు అంకుల్. పాత స్నేహితులందరికీ ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తున్నారు. గొంతు పూర్తిగా పోయేట్టుంది. ఆపమంటారా?"

ఆపొద్దని జవాబిచ్చాను.