చీటీ మీద ధర

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన ఆదివారం సంతలో చెక్కపెట్టెలు అమ్ముతుంటే, పాపం డబ్బుకి కటకటలాడుతున్నాడని తోటివాళ్లు జాలిపడేవారు. అదేం కాదు. ఆఫీసులో వారమంతా నోరు మెదపకుండా ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దాలి. భార్య పోయాక ఇంట్లోనూ నోటికి పనిలేదు. సాయంత్రాలు వరండాలో కూర్చుని ఆ పెట్టెల చెక్కకి చిత్రిక పడుతూ, గరుకు కాగితంతో రుద్దుతూ పొద్దుపుచ్చేవాడు.

సంతలో మాత్రం ఆయన ధర వింటే గుండె గుభేలుమనేది. అయిన ఖర్చుకి నాలుగింతలు, కళ్లార్పకుండా చెప్పేవాడు. "ఇది చెక్కా, బంగారమా?" అని జనం విరుచుకుపడేవారు. ఆయనకి కావలసిందీ అదే. ఆ చెక్క ఎక్కడ దొరికిందో, దాంతో ఎన్ని తిప్పలు పడ్డాడో చెప్పుకుంటూ మెల్లగా దిగొచ్చి, చివరికి దాదాపు అసలుకే ఇచ్చేసేవాడు.

బేరంలో ఆయనకి దీటైన మనిషి ఒక రిటైరైన టీచరమ్మ. సొరుగున్న పెట్టె మీద కన్నేసి ప్రతి ఆదివారం వచ్చేది. స్టూలు లాక్కుని కూర్చుని ధరని తిట్టేది, మోకాళ్ల నొప్పులు ఏకరువు పెట్టేది, కొనకుండా లేచేది. ఇంకెవరైనా ఆ పెట్టె అడిగితే ఆయన అమ్ముడైపోయిందనేవాడు.

ఒకసారి సంతకొచ్చి ఈ వ్యాపారం చూసిన చెల్లెలికి ఒళ్లు మండింది.

"ఇలా చెబితే ఎవరు కొంటారన్నయ్యా? నువ్వు జరుగు."

ఖర్చూ కూలీ కలిపి లెక్కకట్టి, ప్రతి పెట్టెకీ న్యాయమైన ధరతో చీటీ అంటించింది. ఆయన వద్దనలేదు. ఎందుకు వద్దో చెప్పుకోవడానికి సిగ్గేసింది.

జనం వచ్చారు, చీటీ చూశారు, డబ్బిచ్చి పోయారు. చూస్తుండగానే సగం సరుకు ఖాళీ. చెల్లెలు పొంగిపోయి టీ తేవడానికి వెళ్లింది.

అప్పుడొచ్చింది టీచరమ్మ. చీటీ చదివి, నిలబడే పర్సు తీసింది.

"కాస్త తగ్గించమని అడగరా?" అన్నాడాయన.

"ఎందుకు బాబూ, ధర సబబుగానే ఉందిగా. ఇన్నాళ్లకి నా తిరుగుడు తప్పింది."

పెట్టె సంచిలో పెట్టుకుని కదిలింది. ఆయన గాభరాగా నాలుగడుగులు వెంటపడ్డాడు.

"సొరుగు ఎప్పుడైనా బిగుసుకుంటే తీసుకురండమ్మా, సరిచేసిస్తాను."

"నీ పనితనం నాకు తెలియదా? జన్మలో బిగుసుకోదు!" నవ్వుతూ చెయ్యూపి గుంపులో కలిసిపోయింది.

నిజమే, బిగుసుకోదు. అంత బాగా ఎందుకు చేశానా అని ఆయనకి ఏడుపొచ్చింది.