ఆగ్నేయ మూల పొయ్యి

ఆ రోజుల్లో గల్ఫ్ అంటే ఎండ ఒక్కటే అనుకునేవాణ్ణి. ఒమాన్ వెళ్తున్నానంటే మా ఊళ్లో ప్రతివాడూ గొడుగు పట్టుకెళ్లు, సబ్జా గింజలు పట్టుకెళ్లు అని సలహా ఇచ్చినవాడే గానీ, ఒక స్వెట్టర్ పెట్టుకోరా అన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నన్ను పిలిపించిన మా మేనమామ కూడా ఆ మాట ఎత్తలేదు. (తర్వాత నిలదీస్తే, చెబితే రావేమోనని చెప్పలేదురా అన్నాడు. ఆయన నిజాయితీ ఎప్పుడూ అంతే, పని అయ్యాక బయటికొస్తుంది.) తీరా వచ్చి చూస్తే మా వడ్రంగం షెడ్డు జబల్ అఖ్దర్ కొండ మీద. కింద సముద్రం ఒడ్డున బర్కాలో జనం మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే జనవరిలో, పైన మాకు కుళాయి తిప్పితే నీళ్లు రావాలా వద్దా అని ఆలోచించుకునేవి. రేకుల షెడ్డు, సిమెంటు నేల, ప్రతి సందులోంచీ గాలి. ఇరవై మూడేళ్లవాణ్ణి, పని మొదలెట్టే ముందు చంకల్లో చేతులు పెట్టుకుని పావుగంట గెంతేవాణ్ణి.

షెడ్డులో ఉండేది ముగ్గురం. మేస్త్రి మా మావయ్య, వడ్రంగం నేను, పాలిష్ చిచ్చా. చిచ్చాది కడప. గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, నోట్లో సగం ఉర్దూ సగం తెలుగు, చేతిలో మాత్రం పూర్తి పనితనం. కొండ మీద గెస్ట్‌హౌసుల తలుపులన్నీ ఆయన చేతిలో మెరిసినవే. కానీ చలి పడితే ఆ చేతులు ఆయనవి కావు. వేళ్లు ముందు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి, స్పర్శ పోయేది. ఒకరోజు పాలిష్ గుడ్డ చేతిలో పట్టుకునే "గుడ్డ ఏడబోయెరా అబ్బీ" అని బల్లంతా వెతికాడు. మేం పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వాడు. అదే వారం అర్బాబ్, అంటే మా యజమాని, మావయ్యని పక్కకి పిలిచి, ఈ చలికాలం కూడా పని ఇలాగే ఉంటే చిచ్చాని ఇంటికి పంపేసి వేరేవాణ్ణి తెచ్చుకుంటానని చెప్పేశాడు. ఆ మాట విన్నాక మాకు నవ్వు రాలేదు. చిచ్చాకి ఆ పని తప్ప ఇంకో పని రాదు, ఆ వయసులో ఇంకెవడూ వీసా ఇవ్వడు.

అప్పుడు నా బుర్రకి తట్టింది, అర్బాబ్ గోడౌన్‌లో పడున్న పాత పోత ఇనుము పొయ్యి. ఎప్పుడో దేశం విడిచిపోతున్న తెల్లవాళ్ల ఇంట్లో సామాన్లన్నీ గుత్తగా కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిందట. కట్టెలు పెట్టడానికి తలుపు, తలుపు మీద ద్రాక్షతీగలు, కింద పులిపంజాల్లాంటి కాళ్లు. (నాలుగో పంజా ఏ దేశంలో ఊడిపోయిందో, మేం ఇటుక పెట్టాం.) దాన్ని ఇమ్మని అర్బాబ్‌ని వేడుకున్నాం. మంచివాడే, తీసుకోండి అన్నాడు. ముగ్గురం కలిసి లేపితే లేవలేదు. పక్క దానిమ్మ తోటలో పనివాళ్లని బతిమాలి, గుండ్రటి కర్రల మీద దొర్లించుకుంటూ, మావయ్య ముందు నడుస్తూ "జాగ్రత్త, జాగ్రత్త" అని దేవుణ్ణి ఊరేగిస్తున్నట్టు తెచ్చాం. దోవలో అది ఎక్కిన కాలు నాది.

తెచ్చాక ఎక్కడ పెట్టాలన్న దగ్గర మావయ్యకి వాస్తు గుర్తొచ్చింది. అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలోనేనట. తూర్పూ దక్షిణం కలిసే మూల, అక్కడ తప్ప ఇంకెక్కడ పెట్టినా యజమానికి అరిష్టం, మేస్త్రికి అంతకంటే అరిష్టం. సరిగ్గా ఆ మూలే చిచ్చా పాలిష్ బల్ల. కిటికీ వెలుతురు బాగా పడుతుందని ఆయన ఏనాడో అక్కడ స్థిరపడ్డాడు. నాకు మహదానందం. పొయ్యి వచ్చేదే ఆయన చేతుల కోసం, వాస్తు కూడా ఆయన పక్కనే పెట్టమంటోంది, ఇంతకంటే శుభసూచకం ఉంటుందా? పాలిష్‌లో కలిపే థిన్నర్ డబ్బాలన్నీ కూడా ఆ బల్ల కిందే ఉంటాయన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. ముప్ఫై ఏళ్లుగా థిన్నర్ పీలుస్తున్న చిచ్చాకైతే ఆ వాసన ఉందని కూడా గుర్తుండేది కాదు. గోడ రేకుకి గుండ్రంగా కన్నం కోసి, రేకు గొట్టం చుట్టి బయటికి తీశాం. ఆ కన్నం చూసి అర్బాబ్ ముఖం మాడ్చుకుని, ఇంకో కన్నం పడిందంటే ఊరుకోనన్నాడు.

ముట్టించిన రోజు శుక్రవారం. కొత్త పొయ్యి అన్నాక పాలు పొంగించాలి కదా. మావయ్య స్నానం చేసి, పొయ్యికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, గిన్నెతో పాలు పెట్టాడు. చిచ్చా బిస్మిల్లా అన్నాడు. నేను తలుపు తెరిచి దానిమ్మ కట్టెల కింద చిత్రికపొట్టు అంటించాను. పావుగంటసేపు పొగ తప్ప ఏమీ లేదు. గొట్టం గాలివాటానికి ఎదురు పెట్టాం కాబోలు, బయటికి పోవాల్సిన పొగంతా మా దగ్గరికే వచ్చింది. దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, పొంగు తూర్పుకి వస్తుందా ఉత్తరానికి వస్తుందా అని మావయ్య గిన్నె మీదే చూపు పెట్టాడు. చివరికి ఇనుము వేడెక్కింది. చిచ్చా రెండు చేతులూ చాపి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి విప్పి చూసుకున్నాడు. ఆ ముఖం చూడాలి మీరు. అంత సంతోషంలో ఊరికే కూర్చోలేక, ఒక తలుపు చేసేస్తానంటూ డబ్బా మూత తీసి గుడ్డ తడిపాడు. అదే క్షణంలో నేను మంట చాల్లేదని పొయ్యి తలుపు తీసి ఊదాను.

భగ్గుమంది. నీలంగా ఒక మంట నేల మీద పాకుతూ వెళ్లి బల్ల అందుకుంది. చిచ్చా చేతిలో గుడ్డ అంటుకుంది. ఆ సంగతి ఆయన చేతికి తెలియలేదు, కంటికి తెలిసింది. చూసి విసిరేశాడు. మావయ్య ఇసక బకెట్టు కుమ్మరించాడు, నేను గోనెసంచితో బాదాను, మొత్తానికి ఆర్పాం. ఆరిపోయాక చూస్తే చిచ్చాకి ఎడమవైపు గడ్డం లేదు. కుడివైపు ఎర్రగా, నిండుగా, పెళ్లికొడుకులా ఉంది. అరచేతి మీద బొబ్బ లేస్తోంది, ఆయన ఇంకా నొప్పి రాలేదని చెబుతున్నాడు. మావయ్య మాత్రం గిన్నె వైపు చూసి, పాలు పొంగాయిరా, ఎటు పొంగాయో చూశావా అని నన్నడిగాడు.

పొగ చూసి అర్బాబ్ పరిగెత్తుకొచ్చాడు. తిట్టలేదు. కాలిన తలుపు చూశాడు, డబ్బాలు చూశాడు, మా ముఖాలు చూశాడు. తర్వాత మూడు భాషలు కలిపి ఒక్కటే ఆజ్ఞ వేశాడు: "పాలిష్ బర్రా. ఆగ్ అందర్. ఖల్లాస్." పాలిష్ బయట, నిప్పు లోపల, మాట అయిపోయింది. దాంట్లో తప్పు పట్టడానికి ఏముంది? థిన్నరూ నిప్పూ ఒక కప్పు కింద ఉండకూడదు. పొయ్యి వెనక్కి ఇచ్చేస్తామన్నా వినలేదు, షెడ్డు వెచ్చగా ఉంటే మిగతా పని తొందరగా అవుతుందని ఆయన లెక్క. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఎవరి కోసం పొయ్యి తెచ్చామో ఆ మనిషి ఒక్కడే గాలిలో పడ్డాడు.

ఆ చలికాలమంతా మావయ్యా నేనూ లోపల వెచ్చగా రంపం పట్టాం. చిచ్చా బయట చూరు కింద, మఫ్లర్ చుట్టుకుని, కొండగాలికి వీపు పెట్టి పాలిష్ పట్టాడు. అప్పుడప్పుడు వచ్చి చేతులు కాచుకో చిచ్చా అనేవాళ్లం. కానీ థిన్నర్ చేతులతో పొయ్యి దగ్గరికి రాకూడదు కదా, ముందు సబ్బుతో కడుక్కోవాలి. కడుక్కోవాల్సింది ట్యాంకు నీళ్లతో. ఆ నీళ్లు తగిలితే వేళ్లు ఇంకా కొయ్యబారేవి. రెండుసార్లు కడుక్కుని వచ్చి, మూడోసారికి దండం పెట్టేశాడు. మేం పొయ్యి ఆర్పేస్తే కోపం తెచ్చుకునేవాడు, నా పేరు చెప్పి తెచ్చి నా పేరు చెప్పి ఆర్పుతారా అని. చలికి పాలిష్ కూడా తెల్లగా మసకబారేది. ఎంత రుద్దినా మెరుపు రాలేదు. గెస్ట్‌హౌసు వాళ్లు తలుపులు వెనక్కి పంపారు. చలి ఇంకా విరగకముందే అర్బాబ్ టికెట్ తీశాడు. మావయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. అర్బాబ్ కళ్లలోనూ నీళ్లున్నాయి, నిర్ణయం మాత్రం మారలేదు.

వెళ్లే రోజు పొద్దున మావయ్య మా అందరికంటే ముందే లేచి పొయ్యి నిండా కట్టెలు పేర్చి ముట్టించాడు. ఆ రోజు చిచ్చా డబ్బా ముట్టుకోలేదు, గుడ్డ తడపలేదు, ఆయన్ని లోపలికి రావద్దనేవాడు ఎవడూ లేడు. ఆయన స్టూలు లాక్కుని పొయ్యి ముందు కూర్చుని, జీపు వచ్చేదాకా కదల్లేదు. కొంతసేపటికి చొక్కా గుండీలు తనే పెట్టుకుని, నాకు చూపించాడు.

"మంచి పొయ్యి తెచ్చినావురా అబ్బీ," అన్నాడు.

నేను కట్టెలు తెచ్చే వంకతో బయటికెళ్లి ఏడ్చాను. మావయ్య నాకంటే ముందే అక్కడున్నాడు.

ఇప్పుడు నేను ఒమాన్‌లోనే, కింద సముద్రం ఒడ్డున సీబ్‌లో ఉంటున్నాను. కొండ దిగిపోయి చాలా ఏళ్లైంది. మొన్న ఎండాకాలంలో చిచ్చా కడప నుంచి ఫోన్ చేశాడు. అక్కడ రోళ్లు పగిలే ఎండలట. చేతులెలా ఉన్నాయి చిచ్చా అని అడిగాను. "చేతులకేమిరా, బంగారంగా ఉండాయి. పనే లేదు," అని నవ్వాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఏసీ కట్టేసి కూర్చున్నాను. మనిషి పక్కన పొయ్యి పెడితే ఆ మనిషి పనిలో నిలదొక్కుకుంటాడనుకుని, నలిగిన కాలితో కుంటుకుంటూ కట్టెలు మోసిన ఆ ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. వాడికి అంతకంటే మంచి ఉపాయమేదో చెబుదామంటే, ఇన్నేళ్లొచ్చినా నాకూ తట్టలేదు.