రెండు ఇంటిపేర్ల అన్నదమ్ములు

ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో డాక్టర్ ఉజ్వల ఇంటి పక్కనే జేమ్స్ స్మిత్ ఉండేవాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఒంటి మనిషి. ఆమె ఇంటిపేరు కమ్మరి అని తెలిసిన రోజే దాని అర్థం అడిగాడు. ఇనుము పని చేసేవాళ్లని చెప్పగానే నవ్వాడు.

"అయితే మనదొకటే ఇంటిపేరు. ఐరిష్‌లో 'గవా' అంటే కమ్మరి. మేం మాక్ గవన్‌లం, కమ్మరి కొడుకులం. ఇంగ్లిషు పాలనలో కొందరు మెక్‌గోవన్‌లయ్యారు. మా కావన్ జిల్లా వైపు చాలామంది అర్థాన్నే ఇంగ్లిషు చేసుకుని స్మిత్‌లయ్యారు."

జేమ్స్ తమ్ముడు ఫీలిమ్ మాత్రం మాక్ గవన్ అన్న పాత పేరే మళ్లీ పెట్టుకున్నాడు. తండ్రి సమాధి రాయి మీద ఏ పేరు చెక్కించాలన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"దొరల పేరు మోస్తున్నావు" అన్నాడు తమ్ముడు.

"నాన్న బతికిన పేరది" అన్నాడు జేమ్స్.

రాయి మీద స్మిత్ అనే పడింది. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

కోవిడ్ వచ్చిన ఏడాది వసంతంలో జేమ్స్ ఊపిరాడక ఉజ్వల పనిచేసే ఆసుపత్రిలోనే చేరాడు. బయటివాళ్లనెవరినీ లోపలికి రానివ్వని రోజులవి. వెంటిలేటర్ పెట్టబోయే ముందు, ఎవరికి ఫోన్ చెయ్యమంటారని ఆమె అడిగింది. ఆయన ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

"ఫీలిమ్‌కి" అన్నాడు.

ఉజ్వల ఫోన్‌లో స్మిత్ అన్న పేరు చెప్పగానే ఫీలిమ్ ఆమె మాటకు అడ్డొచ్చాడు. "రేపు చేస్తాను" అన్నాడు.

"వెంటిలేటర్ పెడుతున్నాం, రేపటికి ఆయన మాట్లాడలేకపోవచ్చు" అంది ఉజ్వల. అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

"అన్న పోతుండంటే గూడా పేరు కాడనే ఆగిండు" అంది ఇంటికొచ్చి భర్త త్రినాథ్‌తో.

"నీ చేతులున్నది నువ్ చేసినవ్. ఇంత తిను" అన్నాడతను.

ఫీలిమ్ మాట తప్పలేదు, మర్నాడు చేశాడు. అప్పటికే జేమ్స్ మత్తులో ఉన్నాడు. నర్సు ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుంది. ఫీలిమ్ ఐరిష్‌లో ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. "జిమ్మీ... జిమ్మీ..." అని చిన్నప్పటి పేరుతో పిలుస్తూ ఉండిపోయాడు. ఆ వారం దాటకుండానే జేమ్స్ పోయాడు.

ఫీలిమ్‌కీ కోవిడ్ సోకింది, ఖననానికి రాలేకపోయాడు. ఉజ్వలకే ఫోన్ చేశాడు.

"అన్న సమాధి రాయి మీద స్మిత్ అనే చెక్కమని చెప్పమ్మా."

"సరే" అంది. ఆయన ఇంకేదైనా అంటాడేమోనని ఆగింది. దగ్గు తెర ఒకటి వినిపించి, లైను తెగిపోయింది. మళ్లీ చెయ్యాలనుకుంది కానీ డ్యూటీకి వేళవుతోంది. మాస్కు కట్టుకుని కారెక్కింది.