డ్రమ్ము పండుకునే వేళ

ఆర్మూరు పసుపు మిల్లులో కొమ్ములకు మెరుగుపెట్టే పెద్ద డ్రమ్ము దగ్గర నీలవ్వ పని. ఆమె కనురెప్పల మీద కూడా పసుపే. ఊరంతా లైట్లు వేసుకునే వేళ మోటార్లు ఆపి, పగలు ఎండ కరెంటుతో నడుపుకుంటే బిల్లు తగ్గుతుందని కరెంటాఫీసు వాళ్లు చెప్పినప్పటి నుంచి, పొద్దుగూకగానే డ్రమ్ము ఆగిపోతోంది. నీలవ్వ దాని వెచ్చటి పొట్ట నిమిరి, నోటికి గోనెపట్టా కప్పి, గడపలో కూర్చుంటుంది. కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, ఇక్కడ మిగిలిన కరెంటు ఇల్లిల్లూ తిరిగి పలకరిస్తున్నట్టు ఉంటుంది ఆమెకు.

నిన్న డ్రమ్ము ఆగినాక సరుకు కోసం లారీ వచ్చి నిలబడింది. మిగిలిన కొమ్ములు తిప్పేద్దామని మిల్లు యజమాని దేవన్న డ్రమ్ము స్విచ్చు మీద చెయ్యి వేశాడు. ఎన్నడూ ఎదురు చెప్పని నీలవ్వ కూర్చున్నచోటి నుంచే అంది.

"ఇప్పుడే పండుకున్నది సేటూ. జర ఆగరాదు."

"ఒక్కరోజుకు ఏమైతది, నీలవ్వా?"

"గా కొసకున్న ఇల్లు ఇంక ఎలగలే."

దేవన్న అటు చూశాడు. అది నీలవ్వ ఇల్లే. ఆమె పోయి వేస్తే తప్ప అక్కడ లైటు వెలగదు.

"పో, ముందుగాల నువ్వు పోయి లైటేస్కో," అన్నాడు చెయ్యి తీస్తూ.

ఇంటికి పోయి లైటు వేసి, నీలవ్వ కిటికీలోంచి చూసింది. డ్రమ్ము చప్పుడు లేదు. మిల్లు గడపలో, తను రోజూ కూర్చునే చోట, సేటు కూర్చుని ఉన్నాడు.