ఇద్దరి బియ్యం

జగిత్యాలలో మా వంటింట్లో ఇవాళ గంగవాయిలి కూర పప్పు ఉడుకుతోంది. చింతపండు పులుసు పోయగానే లేచిన ఆ పుల్లటి వాసనకు కాసేపు గంటె కదపడం మరిచిపోయాను. అది కోరుట్లలో మేమున్న గూన పెంకుల ఇంటి వాసన. ఆ ఇంట్లో వంట ఇద్దరికే, అవ్వకూ నాకూ. అమ్మను నేను అవ్వ అనేదాన్ని, నాన్నను బాపు. బాపు దుబాయిలో ఉండేవాడు.

అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. మగ్గాల ఇల్లు, నిండా మనుషులు. అక్కడ అన్నం వార్చిన గంజి కూడా తాగినంత తాగి, మిగిలింది నూలుకు పట్టించేవారట. ఆ ఇంటి నుంచి వచ్చిన మనిషికి ఏదైనా పారబోయడం చేతకాలేదు. బీరకాయ చెక్కు నువ్వులతో కలిసి తొక్కు పచ్చడి అయ్యేది, కొత్తిమీర కాడలు పచ్చిపులుసులోకి పోయేవి, బియ్యం కడిగిన నీళ్లు కుడితిలో కలిసి వెనకింటి బర్రెకు చేరేవి. పొద్దున వండింది పొద్దుటికే, మాపు వండింది మాపటికే. బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి, తడి తునికాకు వాసన చేతులకు ఉండగానే లేచి, కడుక్కుని, బియ్యం కుండలోంచి పిడికిళ్లతో తీసేది. కొలత గిన్నె పట్టడం నేను చూడలేదు. వానాకాలం మక్కగటక, చలికి జొన్నరొట్టె, అనపకాయ కూర, ఎండల్లో మామిడికాయ పప్పు, బతుకమ్మకు సత్తుపిండి, ఏది చేసినా మేం తిన్నాక గిన్నె అడుగున తడి తప్ప ఏమీ ఉండేది కాదు.

కుడితి కోసం వచ్చే వెనకింటి మల్లవ్వకు అది వింత.

"ఏందే, నీ ఇంట్ల పిల్లి అస్తె మూతి పెట్టెతందుకు మెతుకు సుత ఉండదు."

"అచ్చేదుంటే ముందుగాల చెప్పుమను. దానికి సుత ఓ పిడికెడు ఏస్త," అనేది అవ్వ, బీడీ మీది నుంచి కళ్లెత్తకుండా.

ఓ ఎండాకాలం బాపు వచ్చాడు. నాకు ఆయన మొహం కన్నా ఫోన్లో గొంతే బాగా తెలుసు. అక్కడ గదిలో వాళ్లంతా కలిసి వారానికి సరిపడా కూర ఒక్కసారే వండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారని, పొయ్యి మీది నుంచి దిగిన అన్నం తినాలని ఉందని ఫోన్లో చెప్పేవాడు. ఆ పొద్దున అవ్వ బీడీలు ముట్టలేదు. మటన్ తెప్పించింది, కొబ్బరి, గసాలు నూరింది, ఉప్పు చాలిందా అని నాకు రెండుసార్లు రుచి చూపించింది. ధ్యాసంతా కూర మీదే. బియ్యం ఎప్పటిలాగే చెయ్యే తీసింది.

బాపు, నేను కూర్చున్నాం. ఆవిరి లేస్తున్న అన్నం వైపు ఆయన కాసేపు అట్లాగే చూశాడు. తర్వాత వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మళ్లీ పెట్టమని పళ్లెం జరిపినప్పుడు అవ్వ గంటె గిన్నె అడుగును గీరింది. అవ్వ ఇంకా తిననే లేదు.

బాపు నవ్వాడు. "ఏందే, నన్ను లెక్కల తీసేసినవా?"

అవ్వ గిన్నెలోకే చూస్తూ అంది, "నాకు ఎరుకనే. చెయ్యికే ఎరుక లేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కడుపు నిండిందని లేచి చెయ్యి కడుక్కున్నాడు. అవ్వ గబగబా మళ్లీ బియ్యం కడిగి ఎసట్లో పోసింది. ఆ అన్నం ఉడికింది, చల్లారింది. ఎంత బతిమాలినా ఆయన మళ్లీ కూర్చోలేదు. తెల్లారి ఆ సద్దిని అవ్వ ఉల్లిగడ్డ నంజుకుని ఒక్కతే తిన్నది.

సెలవు అయిపోయి బాపు వెళ్లాడు. ఆ తర్వాత అవ్వ ఇద్దరికి వండగా నేను చూడలేదు. బియ్యం తీసి, కుండ మీద మూత పెట్టబోయి, మళ్లీ చెయ్యి పెట్టి ఇంకో రెండు పిడికిళ్లు తీసేది. అది రోజూ మిగిలేది. పాసిపోయిన వాసన పడని మనిషి రోజూ పొద్దున అదే తిన్నది. మల్లవ్వ బర్రెకు వెయ్యమని అడిగినా ఇయ్యలేదు. బాపు పూర్తిగా ఇల్లు చేరేదాకా, ఏళ్ల తరబడి, అంతే.

అవ్వ పోయి ఏడాది కావస్తోంది. బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. బీడీల చాటలు లేవు, వీధిలో బర్రె లేదు, కుడితి అనే మాటే ఎవరూ అనరు. నేను బియ్యం కప్పుతో కొలిచి కుక్కర్‌లో పెడతాను, ఇద్దరికి సరిగ్గా. అన్నం ముందుకు జరిపితే బాపు వెంటనే పెట్టుకోడు. మూత తీసి ఎంత ఉందో చూస్తాడు. గంటెతో ఓ మూల నుంచి కొంచెం తీసుకుని మూత పెట్టేస్తాడు.

"ఇంకింత ఏసుకో బాపు, శాన ఉన్నది."

"చాలు బిడ్డ. అందరం తినాలె గద," అంటాడు.

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.