అదే పేరుతో మళ్ళీ

బారిడీహ్‌లో ఇంటి ముందుగదే బిందుప్రియ ఆఫీసు. ఫ్యాక్టరీ గేట్లలో మొహం చూసి హాజరు వేసే మిషన్ల సాఫ్ట్‌వేర్ ఆమె పని. సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని మూటకట్టిన ఇమేజ్‌ని, మిషన్లు దించుకునే ఉమ్మడి రిజిస్ట్రీలోకి ఎక్కించే ముందు జుట్టు ముడేసుకుంటుంది, కొత్త వెర్షన్ నంబరు వేస్తుంది, పెదవి కొరుకుతూ మరోసారి చదువుకుంటుంది. తోటి ఉద్యోగి సౌరభ్‌కి ఇవేవీ పట్టవు. పరీక్షించనిదైనా సరే, 'లేటెస్ట్' అనే పాత పేరుతోనే ఎక్కించేస్తాడు. మిషన్లు ఆ పేరుతో ఏది ఉంటే దాన్నే దించుకుంటాయి. బిందుప్రియ ఎంత అరిచినా నవ్వుతాడు.

ఇవాళ ఫ్యాక్టరీలో పొద్దుటి ఎ-షిఫ్టుకి వెళ్ళిన తండ్రి ఆదిబాబు కాసేపటికే టిఫిన్ డబ్బాతో తిరిగొచ్చాడు.

"ఏటి నాన్నా, డ్యూటీ లేదా?"

"మిషను నా మొగం పోల్చలేదమ్మా. కుళాయి కాడ కడుక్కోని మళ్ళీ చూపించినాను. గార్డు ఎనక్కి పంపీసినాడు."

బిందుప్రియ రిజిస్ట్రీ తెరిచింది. అదే 'లేటెస్ట్' పేరుతో సౌరభ్ రాత్రి ఎక్కించిన కొత్త ఇమేజ్. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"అరే, పాతది మళ్ళీ ఎక్కించెయ్. ఇంత గొడవెందుకు?" ఆవలించాడు సౌరభ్.

"ఆ మాట నాకు కాదు, ఈయనకి చెప్పు!" అని ఫోన్ తండ్రి చేతిలో పెట్టింది.

ఆదిబాబు గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, నా మొగంలో ఏటి తేడా ఒచ్చింది?"